టైమ్ లేనివాళ్ళకు కూపన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కూపన్ల గురించి అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగమూ ఇల్లూ రెండూ నెట్టుకొస్తున్నవాళ్ళే. సందేహాలు కూడా దాదాపు అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. లెక్కల్లో వాడిన అంకెలు ఉదాహరణకే, ఏ దేశపు డబ్బయినా లెక్క మారదు.

## మొదలుపెట్టే ముందు

నాకు రోజుకు పది నిమిషాలు కూడా మిగలవు. కూపన్లు నాలాంటివాళ్ళకు పనికొస్తాయా?

పనికొస్తాయి, కాకపోతే వెతుకులాట మానేస్తేనే. కూపన్లతో విసిగిపోయినవాళ్ళు సాధారణంగా ముందు ఆఫర్ చూసి, తర్వాత దానికి తగ్గ వస్తువు కోసం తిరుగుతారు. మీరు దీన్ని తిరగేయండి. ఏం కొనాలో ముందే తేలిపోవాలి. డబ్బు కట్టే ముందు ఒకే ఒక్క నిమిషం కూపన్ కోసం చూడాలి. దొరికిందా, వాడుకోండి. దొరకలేదా, కొనేసి మీ పని చూసుకోండి. అరగంట వెతికి సంపాదించిన చిన్న తగ్గింపు కన్నా ఆ అరగంటే విలువైనది.

కంపెనీలు ఊరికే ఎందుకు తగ్గిస్తాయి? ఇందులో మెలిక ఏంటి?

ఊరికే తగ్గించవు. ధర అందరికీ తగ్గిస్తే, పూర్తి ధర కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళ డబ్బు కూడా పోతుంది. కూపన్ పెడితే ధర చూసుకునేవాళ్ళు కాస్త శ్రమపడి వాడుకుంటారు, పట్టించుకోనివాళ్ళు మొత్తం కట్టి వెళ్ళిపోతారు. అంటే ఒకే వస్తువును ఇద్దరికి రెండు ధరల్లో అమ్మినట్టు. 1984లో చక్రవర్తి నరసింహన్ అనే మార్కెటింగ్ పరిశోధకుడు మార్కెటింగ్ సైన్స్ పత్రికలో కూపన్లను సరిగ్గా ఈ కోణం నుంచే విశ్లేషించారు.

రెండో కారణం కొత్త వస్తువును అలవాటు చేయడం. 1880ల చివర్లో కోకా-కోలా ఒక గ్లాసు ఉచితం అంటూ టికెట్లు పంచింది. 1894 నుంచి 1913 మధ్య అలా సుమారు 85 లక్షల గ్లాసులు ఇచ్చినట్టు అంచనా. ఇప్పుడు మూడో కారణం కూడా తోడైంది: మీ ఫోన్ నంబరు, ఈమెయిల్, మీరు ఏం కొంటారనే చరిత్ర. ఈ మూడు కారణాలూ తెలిశాక కూడా కూపన్లు వాడుకోవడంలో తప్పేం లేదు. ఏం ఇచ్చి ఏం తీసుకుంటున్నామో తెలిస్తే చాలు.

కూపన్, ప్రోమో కోడ్, క్యాష్‌బ్యాక్, పాయింట్లు... వీటిలో తేడా ఏంటి?

కూపన్, ప్రోమో కోడ్ రెండూ బిల్లు అక్కడికక్కడే తగ్గిస్తాయి. ఒకటి చూపించేది లేదా నొక్కేది, రెండోది టైప్ చేసేది, అంతే. క్యాష్‌బ్యాక్‌లో ముందు మొత్తం కట్టాలి, కొంత తర్వాత తిరిగొస్తుంది. పాయింట్లు మాత్రం ఆ దుకాణంలోనే ఖర్చు పెట్టాలి. సమయం లేనివాళ్ళకు నా సలహా: అప్పటికప్పుడు తగ్గేదానికే మొదటి చోటు ఇవ్వండి. తర్వాత వస్తుందన్న డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడం కూడా ఒక పనే.

నిజంగానే మిగులుతుందా, లేక మిగిలినట్టు అనిపిస్తుందా?

రెండూ జరుగుతాయి. అమెరికాలో జేసీపెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2012 ఫిబ్రవరిలో కూపన్లు, నిత్యం పెట్టే సేల్స్ దాదాపుగా ఎత్తేసి, ఎప్పుడూ ఒకేలా ఉండే తక్కువ ధరలు పెట్టింది. వినడానికి బాగానే ఉంది కదా! కానీ కొనేవాళ్ళు రావడం తగ్గించారు. ఆ ఏడాది అమ్మకాలు సుమారు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో సీఈఓ రాన్ జాన్సన్ పదవి పోయింది, కూపన్లు మళ్ళీ వచ్చాయి. కొట్టేసిన ధర పక్కన తగ్గిన ధర కనబడితే మనకు కలిగే తృప్తి అంత బలమైనది.

అందుకని ఎంత తగ్గిందన్నది చూడకండి. చివరికి ఎంత కడుతున్నారో, కూపన్ లేకపోయినా ఆ వస్తువు కొనేవాళ్ళేనా అన్నది చూడండి. ఎలాగూ కొనే వస్తువు మీద తగ్గిందే మిగులు. కూపన్ ఉందని కొన్నది ఖర్చే.

ఏ వస్తువులతో మొదలుపెడితే సులువు?

పాడవకుండా నిల్వ ఉండేవి, ప్రతి నెలా తప్పక అయిపోయేవి: డిటర్జెంట్, టూత్‌పేస్టు, షాంపూ, డైపర్లు, ఇల్లు శుభ్రం చేసే సామాను. కొద్దిరోజులు ముందే కొన్నా నష్టం లేదు కాబట్టి కూపన్ వచ్చినప్పుడే తీసుకోవచ్చు. అప్పుడప్పుడు కొనే ఖరీదైనవాటికి కూడా కోడ్ తప్పకుండా చూడండి. పెద్ద బిల్లులో ఒక్క కోడ్ మిగిల్చేది, చిన్న చిన్న సరుకుల మీద నెలంతా మిగిలినదానితో సమానం కావచ్చు.

## మొదటి వారం: ఏర్పాట్లు

ఎన్ని యాప్‌లు పెట్టుకోవాలి?

మీరు ఎక్కువగా కొనే రెండు మూడు చోట్ల యాప్‌లు లేదా సభ్యత్వాలు చాలు. సభ్యులకు మాత్రమే ఇచ్చే కూపన్లు అందులో వాటంతట అవే కనబడతాయి. కొన్ని యాప్‌లలో కూపన్ పక్కన బటన్ నొక్కి ముందుగా ఖాతాలోకి చేర్చుకోవాలి. నొక్కకపోతే బిల్లులో తగ్గదు, కౌంటర్ దగ్గర అడిగినా లాభం ఉండదు. సరుకులకు బయల్దేరే ముందు మీ జాబితాలోవాటికి బటన్లు నొక్కేయడం ఒక్కటి అలవాటు చేసుకోండి. అన్ని కంపెనీల కూపన్లూ ఒకేచోట చూపిస్తామనే యాప్ కావాలంటే ఒకటి పెట్టుకోండి, రెండోది వద్దు.

సైన్ అప్ చేస్తే మెయిల్ అంతా చెత్తతో నిండిపోదా?

నిండుతుంది. కాబట్టి షాపింగ్‌కు విడిగా ఒక ఈమెయిల్ తెరవండి, ఫోన్‌లో దాని నోటిఫికేషన్లు ఆపేయండి. ఆ మెయిల్స్ రోజూ చదవాల్సినవి కావు. ఏదైనా కొనబోతున్నప్పుడు ఆ ఇన్‌బాక్స్‌లో దుకాణం పేరు కొట్టి వెతికితే తాజా కోడ్ పైనే ఉంటుంది. మొదటిసారి చేరినవాళ్ళకు చాలా దుకాణాలు స్వాగత కోడ్ ఇస్తాయి. అది తరచూ ఒక్కసారికే చెల్లుతుంది కాబట్టి చిన్న బిల్లు మీద ఖర్చు చేసేయకండి.

ఫోన్ నంబరు, పుట్టినరోజు అడుగుతున్నారు. ఇవ్వాలా?

పుట్టినరోజుకు చాలాచోట్ల ప్రత్యేక కూపన్ వస్తుంది, అడిగేది అందుకే. తేదీ, నెల చాలు, సంవత్సరం తప్పనిసరి కాకపోతే వదిలేయండి. ఫోన్ నంబరు ఎప్పుడూ కొనే దుకాణానికి ఇవ్వండి, ఒక్కసారి వెళ్ళేచోట ఇవ్వనక్కర్లేదు. కాంటాక్టులు, మైక్రోఫోన్ లాంటి అనుమతులు కూపన్ యాప్‌కు అవసరం లేదు, నిరాకరించండి.

కోడ్లు వాటంతట అవే వెతికిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు మంచివేనా?

ఇవి బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. పని తగ్గిస్తాయి, అది నిజం. డబ్బు కట్టే చెక్అవుట్ పేజీలో తమ దగ్గరున్న కోడ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తాయి. ఉచితంగా ఎందుకు ఇస్తున్నారన్నది మాత్రం తెలుసుకోవాలి. మీరు తమ ద్వారా కొన్నట్టు దుకాణం దగ్గర నమోదు చేయించుకుని కమిషన్ తీసుకోవడమే వీటి ప్రధాన ఆదాయం. ఇది చిన్న వ్యాపారమేం కాదు. 2012లో మొదలైన హనీ అనే ఎక్స్‌టెన్షన్‌ను కొంటున్నట్టు ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ 2019లో ప్రకటించింది. ధర సుమారు 400 కోట్ల డాలర్లు.

2024 డిసెంబరులో ఒక యూట్యూబ్ వీడియో హనీ మీద రెండు ఆరోపణలు చేసింది. ఆ వస్తువును మీకు పరిచయం చేసినవాళ్ళకు దక్కాల్సిన కమిషన్ తన పేరు మీదికి మార్చుకుంటోందని ఒకటి. భాగస్వామి దుకాణాల మాట మీద మెరుగైన కోడ్లు చూపించడం లేదని రెండోది. ఆ తర్వాత హనీ మీద కోర్టు కేసులు పడ్డాయి. 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు బిగించింది: కొనేవాళ్ళకు ప్రయోజనమేమీ చేకూర్చకుండా కమిషన్ లింకులు చొప్పించకూడదు. మీకు పనికొచ్చే ముక్క ఒకటే. ఎక్స్‌టెన్షన్ "ఇంతకన్నా మంచి కోడ్ లేదు" అన్నంత మాత్రాన లేదని కాదు. బిల్లు పెద్దదైతే మీరే ఒకసారి చూసుకోండి. మీరు తెరిచే పేజీలను చదివే అనుమతి కూడా దానికి ఇస్తారు కాబట్టి, బ్యాంకు పనులు చేసుకునే బ్రౌజర్‌లో కాకుండా వేరే బ్రౌజర్‌లో పెట్టుకోవడం మంచిది.

కాగితం కూపన్లు ఇంట్లోనే మర్చిపోతున్నా, ఏం చేయాలి?

ఇంట్లో పెట్టకండి. ఒక కవరు తీసుకుని, షాపింగ్‌కు ఎప్పుడూ పట్టుకెళ్ళే సంచిలోనే ఉంచండి. వరసగా సర్దే పని కూడా వద్దు, గడువు దగ్గరపడింది పైన ఉంటే చాలు. కాగితమే ఇవ్వాలని షరతు లేకపోతే ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

గడువు దాటిపోయాక గుర్తొస్తున్నాయి.

అన్నిటినీ గుర్తుపెట్టుకునే ప్రయత్నం మానేయండి. నిజంగా పెద్ద తగ్గింపు ఉన్నదానికి మాత్రమే, గడువుకు రెండు రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. మిగతావి పోతే పోనివ్వండి. గడువు ముగుస్తోందని హడావిడిగా కొనడం కన్నా కూపన్ పోగొట్టుకోవడమే లాభం.

## కొనేటప్పుడు

కోడ్ ఎక్కడ వేయాలో కనబడటం లేదు.

చాలా సైట్లలో ఆ పెట్టె కావాలనే చిన్నగా ఉంటుంది. ఖాళీ పెట్టె ఎదురుగా కనిపిస్తే, కోడ్ లేనివాళ్ళు కొనడం ఆపి వెతకడానికి వెళ్ళిపోతారని అమ్మేవాళ్ళ భయం. కార్ట్ పేజీలో మొత్తం అంకె పైనో కిందో "కోడ్ ఉందా?" అనే సన్నని లింకు ఉంటుంది, నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ లేకపోతే చెల్లింపు పద్ధతి ఎంచుకునే పేజీలో చూడండి. ఫోన్‌లో అయితే "ఆర్డర్ వివరాలు" అన్న మడత విప్పితేగానీ కనబడకపోవచ్చు. కోడ్ వేశాక "అప్లై" నొక్కి, మొత్తం నిజంగా తగ్గిందో లేదో చూసిన తర్వాతే డబ్బు కట్టండి.

షరతులన్నీ చదివే ఓపిక లేదు. ముఖ్యంగా ఏం చూడాలి?

ఒక కూపన్ తీసుకుని చూద్దాం: "50% వరకు తగ్గింపు. కనీస కొనుగోలు 1,000. గరిష్ఠ తగ్గింపు 150. ఎంపిక చేసిన వస్తువులపై. ఒక్కో ఖాతాకు ఒకసారి." పెద్ద అక్షరాల్లో 50 ఉంది. అసలు సంగతి 150లో ఉంది. 1,000కి కొంటే మీకు తగ్గేది 15 శాతం. 3,000కి కొంటే 5 శాతమే. అంటే ఈ కూపన్‌తో ఎంత ఎక్కువ కొంటే అంత తక్కువ లాభం, సరిగ్గా 1,000 దగ్గర ఆగడమే తెలివి.

"వరకు" అనే మాట కనబడగానే గరిష్ఠ తగ్గింపు ఎంతో వెతకండి. తర్వాత కనీస మొత్తం, గడువు చూడండి. "ఎంపిక చేసిన" అన్నచోట మీ వస్తువు ఉందో లేదో చదివి తెలుసుకునే బదులు కార్ట్‌లో వేసి కోడ్ కొట్టి చూడండి, అదే త్వరగా తేలుతుంది.

రెండు కూపన్లు కలిపి వాడొచ్చా?

దుకాణం నియమాన్ని బట్టి ఉంటుంది. చాలా సైట్లు ఒక ఆర్డరుకు ఒకే కోడ్ ఒప్పుకుంటాయి. కానీ తయారీ కంపెనీ ఇచ్చిన కూపన్, దుకాణం ఇచ్చిన కూపన్ వేర్వేరు జేబుల్లోంచి వస్తాయి కాబట్టి, కొన్నిచోట్ల ఒకే వస్తువు మీద రెండూ చెల్లుతాయి. కోడ్ ఒకటే అయినా దానిపై కార్డు ఆఫరు, క్యాష్‌బ్యాక్ కలిసే అవకాశం ఉంటుంది.

లెక్క మాత్రం జాగ్రత్త. 20 శాతం మీద 10 శాతం అంటే 30 కాదు, 28. ఎందుకంటే రెండోది మిగిలిన 80 మీద లెక్కిస్తారు. ఒకటి శాతం, ఇంకొకటి నేరుగా అంకె అయితే ఏది ముందన్నది కూడా ముఖ్యమే. 1,000 బిల్లులో ముందు 20 శాతం తీసి తర్వాత 100 తీస్తే కట్టేది 700. ముందు 100 తీసి తర్వాత 20 శాతం తీస్తే 720. వరస మనమే ఎంచుకునే వీలుంటే శాతం ముందు వేయండి.

కూపన్‌కు కావాల్సిన మొత్తానికి కొంచెం తక్కువైంది. ఇంకోటి కొనాలా?

రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టుకోండి. బిల్లు 1,000 చేరితే 150 తగ్గుతుందనుకుందాం. మీ కార్ట్ 880 అయితే, 120 విలువైన టూత్‌పేస్టో సబ్బులో కలిపినప్పుడు కట్టేది 850. వస్తువు వచ్చింది, 30 కూడా మిగిలింది. కలపండి. కార్ట్ 600 అయితే ఇంకో 400 కలపాలి, అప్పుడూ కట్టేది 850. అంటే జేబులోంచి 250 అదనంగా పోయింది. ఆ 400 సామాను ఎలాగూ వచ్చే నెల కొనేదైతే సరే, లేకపోతే కూపన్ వదిలేయండి. ఉచిత డెలివరీ కోసం మొత్తం పెంచేటప్పుడు కూడా ఇదే లెక్క.

కూపన్ ఉన్న బ్రాండు కొనాలా, కూపన్ లేని చవక బ్రాండు కొనాలా?

గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చూడండి. కూపన్ తర్వాత 500 గ్రాములు 200 అయితే వంద గ్రాములకు 40. పక్కన పేరులేని బ్రాండు 400 గ్రాములు 140 అయితే వంద గ్రాములకు 35. కూపన్ వేసినా మొదటిదే ఖరీదు. పెద్ద కంపెనీల కూపన్లకు తరచూ ఇదే గతి. పెద్ద ప్యాకెట్ మీదే చెల్లే కూపన్ విషయంలోనూ లెక్క చూడకుండా తీసుకోవద్దు.

కార్ట్‌లో పెట్టి వదిలేస్తే కూపన్ పంపిస్తారంట, నిజమేనా?

కొన్ని సైట్లు పంపిస్తాయి, అన్నీ కాదు. లాగిన్ అయి, వస్తువు కార్ట్‌లో వేసి, డబ్బు కట్టకుండా బయటికొచ్చేయండి. ఒకటి రెండు రోజుల్లో గుర్తుచేస్తూ మెయిల్ రావచ్చు, అందులో ఒక్కోసారి కోడ్ ఉంటుంది. తొందరలేని వస్తువుకే ఇది బాగుంటుంది, ఈలోగా స్టాక్ అయిపోయే అవకాశమూ ఉంది. దీనివల్ల ఇంకో ఉపయోగం ఉంది. రెండు రోజులు ఆగాక అసలు అది వద్దనిపించడం మామూలే, అప్పుడు మిగిలేది నూటికి నూరు శాతం.

కౌంటర్ దగ్గర వెనక జనం నిలబడి ఉంటారు, మొహమాటంగా ఉంటుంది.

వరసలో ఉన్నప్పుడే కూపన్ తెరిచి, స్క్రీన్ వెలుగు పెంచి పెట్టుకోండి. వెలుగు తక్కువుంటే కొన్ని స్కానర్లు బార్‌కోడ్‌ను చదవలేవు, సగం ఆలస్యం దానివల్లే. కూపన్ ఉందని బిల్లు మొదలుపెట్టకముందే చెప్పండి, బిల్లు ముగిశాక చెబితే కొన్నిచోట్ల మొత్తం రద్దు చేసి మళ్ళీ కొట్టాలి. స్కాన్ కాకపోతే కింద ఉన్న నంబరు టైప్ చేయమని అడగండి. ఇంకా మొహమాటంగా ఉంటే జనం తక్కువుండే వేళ వెళ్ళండి.

కోడ్ పనిచేయడం లేదు. తప్పు నాదేనా?

ఎక్కువసార్లు కాదు. కోడ్లు పోగుచేసే సైట్లలో చచ్చిపోయిన కోడ్లు కుప్పలుగా ఉంటాయి. ముందు కోడ్ చివర ఖాళీ స్పేస్ పడిందేమో, సున్నా బదులు 'ఓ' అక్షరం కొట్టారేమో చూడండి. తర్వాత లాగిన్ అయ్యారో లేదో చూడండి. కార్ట్‌లో అప్పటికే సేల్ ధరకు ఉన్న వస్తువొకటి ఉండటం వల్ల కోడ్ మొత్తం తిరస్కరించే సైట్లు కూడా ఉన్నాయి. దాన్ని పక్కకు తీసి ప్రయత్నించండి. మూడు కోడ్లు పోయాక నాలుగోది వెతకవద్దు.

## కొన్న తర్వాత

డబ్బు కట్టేశాక మంచి కోడ్ దొరికింది. ఇప్పుడేం చేయగలను?

ఆర్డర్ ఇంకా బయల్దేరకపోతే రద్దు చేసి మళ్ళీ పెట్టవచ్చు, కానీ ముందు స్టాక్ ఉందో లేదో చూడండి. లేదా కస్టమర్ కేర్‌కు చాట్‌లో రాయండి: "ఈ ఆర్డర్ ఇప్పుడే పెట్టాను, ఈ కోడ్ వేయడం మరిచాను, తేడా సర్దగలరా?" మర్యాదగా అడిగితే చాలాసార్లు తేడా తిరిగిస్తారు, లేదా వచ్చేసారికి కోడ్ ఇస్తారు.

కూపన్‌తో కొన్నది వాపసు ఇస్తే?

మీరు నిజంగా కట్టినంతే తిరిగొస్తుంది, అసలు ధర కాదు. ఒక్కసారి వాడే కూపన్ సాధారణంగా మళ్ళీ రాదు. కొన్ని కలిపి కొని ఒకటే వాపసు ఇస్తే, మిగిలినవి కనీస మొత్తం కన్నా తగ్గిపోయి, తగ్గింపును వాపసు డబ్బులోంచి కోసుకునే నియమం కూడా ఉండవచ్చు. నప్పుతుందో లేదో తెలియని బట్టలు, చెప్పులు వేరే ఆర్డర్‌గా పెడితే ఈ గొడవ ఉండదు.

క్యాష్‌బ్యాక్ రావడం లేదు.

మధ్యలో వేరే సైటు లింకు నొక్కినా, వేరే చోటి కోడ్ వేసినా, ప్రకటనలు ఆపే బ్లాకర్ పనిచేస్తున్నా మీ కొనుగోలు నమోదు కాకపోవచ్చు. ఆర్డర్ నంబరు, బిల్లు స్క్రీన్‌షాట్ జతచేసి ఫిర్యాదు పెట్టండి. చిన్న మొత్తమైతే వదిలేయడమే మేలు. వాపసు గడువు ముగిసేదాకా డబ్బు విడుదల చేయకపోవడం మాత్రం మామూలే.

## మోసాలు, ఇబ్బందులు

వాట్సాప్‌లో పెద్ద కంపెనీ వార్షికోత్సవ కూపన్ వచ్చింది. నొక్కొచ్చా?

వద్దు. కూపన్ ఇవ్వడానికి ముందు ఇంకో పదిమందికి పంపమంటే అది మోసమే. నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పించి, చక్రం తిప్పించి, చివర్లో కార్డు వివరాలో ఓటీపీయో అడగడం వీటి పద్ధతి. నిజమైన కూపన్‌కు ఓటీపీ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. ఆఫర్ నిజమో కాదో తెలియాలంటే ఆ లింకు నొక్కకుండా, కంపెనీ యాప్‌ను మీరే తెరిచి అందులో ఉందేమో చూడండి.

కూపన్లు అమ్ముతున్నారు, కొనొచ్చా? ఫోటోకాపీ తీసి వాడితే?

రెండూ వద్దు. చాలా కూపన్ల మీద అమ్మకూడదు, ఇతరులకు బదిలీ చేయకూడదు అని రాసే ఉంటుంది. దొంగ కూపన్లు తయారుచేసి అమ్మినందుకు అమెరికాలోని వర్జీనియాలో ఒకరికి 2021లో 12 ఏళ్ళ జైలుశిక్ష పడింది. దుకాణాలకు, కంపెనీలకు జరిగిన నష్టం 3 కోట్ల డాలర్లు దాటింది. అలాంటి కూపన్ కొన్నవాళ్ళకు ఏం తేడా అంటే, కౌంటర్ దగ్గర అది చెల్లకపోతే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

ఇంక చాలనిపించి మానేయాలంటే?

ముందు మిగిలిన పాయింట్లు, క్యాష్‌బ్యాక్ వాడేయండి. ఖాతా మూసేస్తే అవి సాధారణంగా పోతాయి. ఉచిత ట్రయల్ కూపన్‌తో మొదలైన సభ్యత్వాలు ఏవైనా తమంతట తామే రెన్యూ అవుతున్నాయేమో చూసి ఆపండి, కార్డు నుంచి నిశ్శబ్దంగా డబ్బు లాగేది ఇవే. తర్వాత యాప్ సెట్టింగుల్లో ఖాతా తొలగించమని అడిగి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన మీ వివరాలు వాళ్ళ దగ్గర పోవు. ఎక్స్‌టెన్షన్ ఉంటే బ్రౌజర్ నుంచి విడిగా తీసేయాలి.